ఎర్ర మీట ఏ పక్కన?

యంత్రమూ నేనూ ఒకే లారీలో దిగాం
కొరూష్ ఊరి బెండు కార్ఖానా ముందు.
దాని చెక్కపెట్టె మీద 'నిటారుగా ఉంచవలెను' అని రాసుంది.
నా మీద ఏమీ రాసి లేదు.

సోమవారం బిగించి, బుధవారం నడిపించి,
గురువారం లిస్బన్ రైలెక్కాలి. అదీ నా లెక్క.
నిమిషానికి ఆరువందల బిరడాలు,
నాలుగు కెమెరాలు, తొమ్మిది రకాల మచ్చలు.
కాగితం మీద ఏ తప్పూ లేదు.

ఫోర్‌మన్ ఎర్కులాను పెట్టె తెరవనివ్వలేదు.
గోదాములో ఓ మూలకి తోయించి, టార్పాలిన్ కప్పించి,
ముక్కాలి పీట ఒకటి తెచ్చి నా చేతికిచ్చాడు.
"దియొలిందా పక్కన కూర్చో."
"ఎంతసేపు?"
"ఆమె లెమ్మనేదాకా."

ముప్పై ఒక్క ఏళ్లుగా బిరడాలు ఏరుతున్న మనిషి.
బెల్టు మీద అవి వరదలో చీమల్లా కొట్టుకొస్తుంటే
దగ్గు మధ్య, మాట మధ్య,
మనవడి జ్వరం సంగతి చెబుతూ చెబుతూ
చెడ్డదాన్ని బొటనవేలితో మీటి పారేస్తుంది.
కన్ను చూసిందో వేలు చూసిందో
నాకు అంతుపట్టలేదు.

నన్నూ ఏరమంది.
మంచివన్నీ చెడ్డ బుట్టలో వేశాను.
బల్లల వెంట నవ్వు ఆ చివరిదాకా వెళ్లి
తిరిగి నా దగ్గరికే వచ్చింది.

మూడోరోజు ఒక బిరడా నా ముక్కు కింద పెట్టి
"చూడు" అంది.
చూడ్డానికేముంది, నున్నగా, పాలమీగడ రంగులో.
కళ్లు మూసుకున్నాక తెలిసింది,
తడిసి ఆరని గోనెసంచి లాంటి ముక్కవాసన,
సన్నగా, దారప్పోగంత.
నా నాలుగు కెమెరాలకీ కలిపి
ఒక్క ముక్కు లేదు.

ఆ తర్వాత ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి.
తెర మీద అక్షరాలు కళ్లద్దాలు లేకుండా కనపడతాయా? గ్రాసిందా.
ఏదైనా ఇరుక్కుంటే గంట మోగుతుందన్నావు,
నాకెవరు చెబుతారు? చెవులు వినపడని ఆర్మిందు, చేతులతో.
చివరి బల్ల దగ్గరి జూలియెటా
చేరి నాలుగు నెలలు, ఏమీ అడగదు, గోళ్లు చూసుకుంటుంది.
అందరూ వెళ్లాక నా సంచి పట్టుకుని ఆపింది.
"నాకు పని ఉంటుందా?"

నా దగ్గర నూటపన్నెండు పేజీల పుస్తకం ఉంది.
ఆ జవాబు అందులో లేదు.

ఎర్కులాను యజమానురాలిని పిలిచాడు.
గాజుగదిలో మూడు గంటలు.
చేతులు కదలడం మాత్రం కనపడింది మాకు,
ఒకసారి బల్ల మీద గుద్దడం కూడా.
సాయంత్రం గోడకి కాగితం అంటించారు.
పదహారు పేర్లు. పేరు పేరుకీ ఎదురుగా పని, జీతం, సంతకం.
ఆరుగురికి కొత్త పని: వాసన చూడటం.
జూలియెటా తన పేరుని వేలితో తాకి చూసుకుంది
సిరా ఆరిందో లేదోనని.

పదకొండో రోజు పెట్టె విప్పాం.
ఆపే మీట, ఎర్రది, కుడిపక్కన తల ఎత్తున బిగించి ఉంది.
దాన్ని గీసినవాళ్లంతా ఆరడుగుల మనుషులు.
దియొలిందా కుడి చెయ్యి భుజం దాటి లేవదు,
ఇన్నేళ్ల పని దానికి మిగిల్చింది అంతే.
నాలుగు మరలు, మీటరు తీగ, రెండు గంటలు.
మీట ఎడమకి దిగింది, నడుము ఎత్తుకి.
ఆమె మోచేత్తో నొక్కింది.
యంత్రం ఆగింది.
నడిపించమని, మళ్లీ నొక్కింది.
మళ్లీ ఆగింది.
"ఆఁ" అంది, "ఇప్పుడు నడవనీ."

మా ఆఫీసు ఫారంలో
'ఆలస్యానికి కారణం' అన్నచోట ఇరుకైన గడి ఒకటి ఉంది,
ఒక్క మాట పడుతుంది.
'భుజం' అని రాసి పంపాను.
ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.